గురువారం ముక్క

మా దీవిలో నల్లదాన్నే రొట్టె అంటాం.
తెల్లదానికి వేరే పేరుంది.
అది పెళ్ళికి, క్రిస్మస్‌కి,
జ్వరం తగ్గి లేచి కూచున్న పిల్లలకి.

కురెస్సారె ఆసుపత్రిలో పథ్యం రాసిచ్చే అమ్మాయికి
ఇరవై ఆరేళ్ళుంటాయేమో.
"రై పిండి మానేయండి. తవుడున్నవేవీ వద్దు.
తెల్ల రొట్టె, ఉప్పు తక్కువది, రోజుకి మూడు ముక్కలు."
లైడా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని
ఆ పిల్ల గోళ్ళ రంగు చూస్తూ కూచుంది.
చాలాసేపటికి అడిగింది:
"మీ అమ్మమ్మది ఏ ఊరమ్మా?"

బస్సులో మాట్లాడలేదు.
వల్యాల దాటాక నవ్వింది.
"యుద్ధం రోజుల్లో మా అమ్మ
తెల్ల రొట్టె కలలోనే తినేది, వైనో.
ఇప్పుడు నాకది మందు."

నలభై మూడేళ్ళ పులిపిండి మా ఇంట్లో ఉంది.
చెక్క తొట్టె, ఎన్నడూ కడగని తొట్టె.
గోడలకి అంటుకుని ఎండినదే
రేపటి పిండికి తల్లి.
నేను లారీ తోలి అర్ధరాత్రి వచ్చేసరికి
గుడ్డ కింద గొణుక్కుంటూ ఉండేది
ఇంట్లో మూడో మనిషిలా.
పొంగిందో లేదోనని రాత్రికి రెండుసార్లు లేచేది లైడా.
ఒంట్లో పిండాలు రెండూ కుంగిపోతున్నాయని
ఎవరు లేచి చూడాలి?

ఇప్పుడు వంటింట్లో తక్కెడ ఉంది.
గీతలు గీసిన నీళ్ళ సీసా ఉంది.
బంగాళాదుంపల్ని రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికిస్తాను,
సారమంతా కాలువలోకి పోతుంది.
పొగబెట్టిన చేప లేదు, ఉప్పేసిన వెన్న లేదు.
దుకాణంలో తెల్ల రొట్టెల ముందు నిలబడి
కళ్ళజోడు నుదుటికెత్తి
చిన్న అక్షరాల్లో ఫాస్ఫేట్ అనే మాటని వెతుకుతాను
సంతలో జేబుదొంగని వెతికినట్టు.

లైడా ఆ ముక్కని వేలితో నొక్కుతుంది.
నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోతుంది.
"దీనికి ఎముక లేదు," అంటుంది.
అని, తింటుంది. వంక పెట్టదు.
రెండోదాని మీద కాస్త స్ట్రాబెర్రీ జామ్,
మూడోది సాయంత్రానికి దాచుకుని.

కానీ శనివారం శనివారం కాల్పు మాత్రం ఆగలేదు.
నాలుగు నల్ల రొట్టెలు.
ఫిస్టులా ఉన్న చేత్తో బరువెత్తకూడదు కనక
పిసకడం నా వంతు, తిట్టడం ఆవిడ వంతు.
"పిడికిలితో! లారీ గేరనుకున్నావా అది?"
పైన శిలువ గీత తనే గీస్తుంది.
ఒకటి పక్కింటి ఉర్వేకి, ఒకటి చర్చికి,
ఒకటి రేవులో పనిచేసే మేనల్లుడికి.
నాలుగోది నాది.
ఆవిడ ఎదట మింగుడు పడదు.
కట్టెల కొట్టంలో నిలబడి తింటాను,
దొంగ సారా తాగినట్టు.
ఆవిడకి తెలుసు. నా గడ్డం మీది నలకల్ని
ఏమీ అనకుండా దులుపుతుంది.

మొన్న గురువారం
యంత్రానికి తగిలించిన మొదటి గంటలో
నర్సు మార్యు వంగి చెప్పింది,
ఈ నెల రక్తం లెక్కలు బాగున్నాయట,
డాక్టరు ఒక ముక్కకి ఒప్పుకున్నాడట.
నల్లదే. పల్చగా. వారానికొకటి, మాత్ర వేసుకుని.

నా కోటు జేబులో ఉంది, గుడ్డలో చుట్టి.
ఎప్పట్నుంచి మోస్తున్నానో అడగొద్దు.

లైడా ఖాళీగా ఉన్న చేత్తో అందుకుంది.
ముందు వాసన చూసింది.
సీమ జీలకర్ర వాసనకి
పక్క మంచం ముసలాయన టీవీ మీంచి తల తిప్పాడు.
మూల కొరికి, కళ్ళు మూసుకుని,
నమిలి నమిలి నమిలి,
"ఉప్పెక్కువేశావు," అంది.

తినేవాళ్ళని చూస్తే మావాళ్ళు ఒక మాటంటారు:
రొట్టెకి తరుగు లేకుండుగాక.
అనబోయి ఊరుకున్నాను.
నలక ఒకటి కింద పడింది.
మోకాళ్ళు పట్టుకుని వంగి తీశాను,
పడ్డ రొట్టెకి ముద్దు పెట్టడం మా ఆనవాయితీ,
పెట్టి, నోట్లో వేసుకున్నాను.

నిజమే. ఉప్పెక్కువే.